ఒకరు చేసిన పనికి ఆరుగురికీ ఒకే మార్కు: గ్రూప్ ప్రాజెక్టులను మానేయాలా, మార్చాలా?

ప్రశ్న (సామాన్యశాస్త్ర ఉపాధ్యాయురాలు)

నమస్కారం. నేను ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు సామాన్యశాస్త్రం బోధిస్తాను. పిల్లలు నా దగ్గరే కాకుండా ఒకరి నుంచి ఒకరు కూడా నేర్చుకోవాలన్న ఉద్దేశంతో నాలుగేళ్లుగా ప్రతి టర్ములోనూ ఒక గ్రూప్ ప్రాజెక్టు ఇస్తున్నాను. ఆరుగురిని ఒక జట్టుగా చేసి, ఒక అంశం అప్పగించి, రెండు వారాల తరువాత చార్టుతోనో నమూనాతోనో తరగతి ముందుకు వచ్చి వివరించమంటాను. జట్టులో అందరికీ ఒకే మార్కు వేస్తాను.

ఈ టర్ములో రక్తప్రసరణ మీద ఒక జట్టు చాలా అందమైన చార్టు తెచ్చింది. గుండె గదులు, కవాటాలు, ధమనులు, సిరలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. పదికి తొమ్మిది మార్కులు వేశాను. మరునాడు పాఠం చెబుతూ ఆ జట్టులోని ఒక అబ్బాయిని, గుండె కుడి జఠరిక నుంచి రక్తం ఎక్కడికి వెళుతుందని అడిగాను. అతనికి తెలియలేదు. చార్టులో నువ్వు ఏం చేశావని అడిగితే, "బార్డర్ గీశాను మేడమ్" అన్నాడు. ఆ చార్టును దాదాపు మొత్తం తయారుచేసిన అమ్మాయి అదే సాయంత్రం నా దగ్గరకు వచ్చి, వచ్చే టర్ములో ప్రాజెక్టు తనను ఒక్కదాన్నే చేయనివ్వమని అడిగింది. ఆ ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు. అబ్బాయి పాఠం నేర్చుకోలేదు, అమ్మాయికి తోటివారితో కలిసి పనిచేయడమంటేనే విసుగు పుట్టింది. నేను కోరుకున్నదానికి పూర్తిగా ఎదురుగా జరిగింది.

ఈ సంగతి మా తమ్ముడికి చెబితే, తాను పనిచేసే చోట కూడా ఇదే పరిస్థితి ఉందని, సమావేశంలో పదిమంది కూర్చుంటే పని మాత్రం ఇద్దరి నెత్తిన పడుతుందని, చివర్లో అభినందనలు పదిమందికీ అందుతాయని అన్నాడు. పెద్దయ్యాక ఎలాగూ జట్టుగానే పనిచేయాలి కాబట్టి బడిలోనే అలవాటు చేస్తున్నామని మేము తల్లిదండ్రులకు చెబుతుంటాం. బడిలో మేము అలవాటు చేస్తున్నది నిజంగా కలిసి పనిచేయడాన్నా, లేక ఒకరి మీద భారం వేసి మిగతావారు తప్పుకోవడాన్నా అని ఇప్పుడు అనుమానం వస్తోంది.

అందుకే అడుగుతున్నాను. ఇలాంటి ప్రాజెక్టులను మానేసి ఎవరి పని వారికి ఇవ్వడం మంచిదా? మానకపోతే, కలిసి నేర్చుకోవడం నిజంగా జరిగేలా పనిని ఎలా రూపొందించాలి, మార్కులు ఎలా వేయాలి? బడుల్లోనూ ఉద్యోగాల్లోనూ దీన్ని దగ్గరగా చూసినవారు తమ అనుభవం చెబితే మేలు చేసినవారవుతారు.

సమాధానం (ఉపాధ్యాయ శిక్షణలో పనిచేస్తున్నవారు)

మేడమ్, ఆ చార్టు ఎంత అందంగా ఉన్నా, చురుకైన విద్యార్థి ఒకరు ఇంట్లో కూర్చుని ఒంటరిగా పూర్తిచేయగల పని అది. ఒకరు చేయగల పనిని ఆరుగురికి అప్పగిస్తే, బాగా చేయగలవారు దాన్ని చేతిలోకి తీసుకుంటారు, మిగతావారికి బార్డర్లు మిగులుతాయి. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత పుట్టింది పెద్దవాళ్లను చూసే కదా. కాబట్టి పిల్లలను బద్ధకస్తులనుకునే ముందు మనం ఇచ్చిన పనిని పరీక్షించుకోవాలి.

దీని మీద చాలా పాత ప్రయోగం ఒకటి ఉంది. ఫ్రెంచ్ వ్యవసాయ ఇంజినీరు మాక్సిమిలియన్ రింగెల్‌మాన్ 1880లలో మనుషుల చేత తాడు లాగించి బలాన్ని కొలిచి, ఆ లెక్కలను 1913లో ప్రచురించాడు. ఒంటరిగా లాగినప్పటి బలాన్ని నూరు అనుకుంటే, ఇద్దరు కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వాటా 93కు, ఎనిమిది మంది లాగినప్పుడు 49కి పడిపోయింది. అందరూ ఒకే క్షణంలో, ఒకే దిశలో లాగలేకపోవడమే దీనికి ప్రధాన కారణమని ఆయన భావించాడు. 1974లో మరికొందరు పరిశోధకులు ఇంకో మెలిక పెట్టి చూశారు. తాడు పట్టుకున్న మనిషిని కళ్లకు గంతలు కట్టి ముందు నిలబెట్టారు. వెనుక నిలబడినవారు లాగుతున్నట్లు నటించారే తప్ప లాగలేదు. వెనుక మనుషులు ఉన్నారని నమ్మినంత మాత్రాన ముందున్న మనిషి పట్టు సడలింది. అంటే సమన్వయలోపం ఒక్కటే కారణం కాదన్నమాట.

మీకు అవసరమైన అసలు విషయం ఆ తరువాత తెలిసింది. మనస్తత్వవేత్త బిబ్ లాటనే, ఆయన సహచరులు 1979లో మనుషులను గుంపుగా కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించారు, కేకలు వేయించారు. గుంపు పెరిగినకొద్దీ ఒక్కొక్కరూ చేసే శబ్దం తగ్గింది. 1981లో అదే బృందం, ఎవరి గొంతు వారిదిగా విడిగా కొలుస్తున్నామని ముందే చెప్పి చూసినప్పుడు ఆ తగ్గుదల కనిపించకుండా పోయింది. మనుషులు మారలేదు, ఉపదేశం చేసినవారూ లేరు. ఎవరి వంతు ఎంతో కనబడే ఏర్పాటు ఒక్కటే వచ్చింది. మీరు ఆరుగురికీ తొమ్మిది మార్కులు వేసినప్పుడు లోపించింది ఈ ఏర్పాటే.

అలాగని ఎవరి మార్కు వారికి వేసి ఊరుకుంటే జట్టు ఉండదు, ఎవరికి వారే యమునా తీరే అన్నట్లు అవుతుంది. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాబర్ట్ స్లావిన్ దశాబ్దాల తరబడి తరగతిగదులను పరిశీలించి చెప్పిందేమిటంటే, జట్టుకు ఒక ఉమ్మడి లక్ష్యం ఉండాలి, ఆ లక్ష్యం నెరవేరడం జట్టులోని ప్రతి ఒక్కరూ విడివిడిగా ఎంత నేర్చుకున్నారన్నదాని మీద ఆధారపడాలి. ఆయన పద్ధతిలో పిల్లలు జట్టుగా చదువుకుంటారు, పరీక్ష మాత్రం ఎవరిది వారు ఒంటరిగా రాస్తారు. ప్రతి పిల్లవాడూ తన పాత సగటు కంటే ఎంత మెరుగుపడ్డాడో చూసి, ఆ మెరుగుదలను జట్టు ఖాతాలో వేస్తారు. వెనుకబడిన విద్యార్థి నాలుగు నుంచి ఆరుకు ఎదిగితే అది జట్టుకు లాభం. అప్పుడు ముందున్న అమ్మాయికి అతని చేత బార్డర్ గీయించడం కన్నా అతనికి పాఠం అర్థమయ్యేలా చెప్పడం ముఖ్యమవుతుంది.

చెప్పడమంటే జవాబు అందించడమని పిల్లలు పొరబడతారు, మనమూ అప్పుడప్పుడు పొరబడతాం. నోరీన్ వెబ్ అనే విద్యా పరిశోధకురాలు చిన్న బృందాల్లో పిల్లల మాటలను ఏళ్ల తరబడి విశ్లేషించింది. వివరించి చెప్పిన పిల్లలు బాగా నేర్చుకున్నారు. సహాయం అడిగి, కేవలం జవాబు మాత్రమే అందుకున్న పిల్లలకు ఆ సహాయం ఉపయోగపడలేదు. అందుకని జట్టుపని మొదలుపెట్టే ముందు ఒక పీరియడ్ కేటాయించి, వివరించడం ఎలాగో మీరే చేసి చూపించండి. "ఇలా ఎందుకు?" అని అడగడం, "నీ మాటల్లో చెప్పు" అనడం, విన్నవారు దాన్ని వాడి చూపేవరకు ఆగడం, ఇవన్నీ నేర్పితేనే వస్తాయి.

ఇక మీ రక్తప్రసరణ పాఠానికే ఒక రూపం సూచిస్తాను. మనస్తత్వవేత్త ఎలియట్ అరాన్సన్ 1971లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, ఆస్టిన్ నగరంలో మొదలుపెట్టిన జిగ్‌సా (ముక్కలు కలిపి బొమ్మ పూర్తిచేసే ఆట) పద్ధతి ఇది. అంతవరకు వేర్వేరు బడుల్లో చదివిన నల్లజాతి, శ్వేతజాతి, మెక్సికన్ మూలాల పిల్లలు ఒకే తరగతిలోకి వచ్చి, పోటీ వాతావరణంలో ఒకరినొకరు ద్వేషించుకుంటున్న కాలం అది. స్నేహంగా ఉండండని ఉపదేశించడానికి బదులు, ఒకరు చెప్పకపోతే మరొకరికి పాఠం పూర్తికాని స్థితిని ఆయన కల్పించాడు. మీరు నలుగురితో జట్టు చేసి పాఠాన్ని నాలుగు ముక్కలు చేయండి: గుండె నిర్మాణం, గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లి తిరిగివచ్చే దారి, శరీర భాగాలకు వెళ్లి తిరిగివచ్చే దారి, రక్తంలోని కణాలు. ఒక్కొక్కరికి ఒక్క ముక్క మాత్రమే ఇవ్వండి. ఊపిరితిత్తుల దారి వచ్చిన పిల్లలందరూ అన్ని జట్ల నుంచీ లేచి ఒకచోట కూర్చుని, ఆ భాగాన్ని చదివి, తమ జట్టుకు ఎలా చెప్పాలో కలిసి సిద్ధపడతారు. ఈ మధ్య మెట్టును సమయం చాలదని దాటవేయకండి, ఎందుకంటే చదవడంలో తడబడే పిల్లవాడు తన జట్టు ముందు తలదించుకోకుండా కాపాడేది ఇదే. తరువాత ఎవరి జట్టుకు వారు తిరిగివెళ్లి చెప్పుకుంటారు. చివర్లో నాలుగు భాగాల మీదా పరీక్ష ఉంటుంది, దాన్ని ఎవరిది వారే రాయాలి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. నాయకుడు, లేఖకుడు, సమయం చూసేవాడు అని పదవులు పంచితే పని పంచినట్లు కాదు. సమయం చూసినవాడు గడియారం చూడటం తప్ప మరేదీ నేర్చుకోడు.

సమాధానం (సాఫ్ట్‌వేర్ బృందానికి నాయకత్వం వహిస్తున్నవారు)

మేడమ్, మీ తమ్ముడు చెప్పిన పదిమంది సమావేశంలో నేను రెండు వైపులా కూర్చున్నాను, అంటే పని నెత్తిన పడిన ఇద్దరిలో ఒకడిగానూ, మిగిలిన ఎనిమిది మందిలో ఒకడిగానూ. ఆ ఎనిమిది మందిలో ఉన్నప్పుడు నాకు ఆసక్తి లేక కాదు, ఏం చేయాలో ఎవరూ నిర్దిష్టంగా చెప్పకపోవడం వల్ల ఎక్కడ చేయి వేయాలో తెలియలేదు.

ఉద్యోగాల్లో జట్టు పరిమాణం గురించి చాలా తక్కువగా ఆలోచిస్తారు. 1960లలో ఐబీఎం కంపెనీలో ఒక భారీ ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణాన్ని నడిపించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ఒక మాట రాశాడు: ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషులను చేర్చితే అది మరింత ఆలస్యమవుతుంది. కొత్తవారికి పని నేర్పాల్సింది ఇప్పటికే పనిలో మునిగి ఉన్నవారు. పైగా ఐదుగురి మధ్య జంటలవారీగా చూస్తే పది సంబంధాలుంటాయి, పదిమంది మధ్య నలభై ఐదు ఉంటాయి. మనుషులు రెట్టింపైతే మాట్లాడుకోవలసిన దారులు నాలుగు రెట్లకు పైగా పెరుగుతాయి. మీ ఆరుగురి జట్టులో పదిహేను దారులున్నాయి. నలుగురికి తగ్గిస్తే ఆరే మిగులుతాయి. పదమూడేళ్ల పిల్లలకు ఈ తేడా చాలా పెద్దది.

మా రంగంలో ఇద్దరు ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాం రాసే అలవాటు ఒకటి ఉంది. ఒకరు కీబోర్డు మీద రాస్తారు, పక్కవారు ఒక్కో వాక్యాన్నీ చూస్తూ తరువాతి అడుగు గురించి ఆలోచిస్తారు, కొంతసేపటికి చోట్లు మారతారు. ఒకరు చేయగల పనికి ఇద్దరి జీతం ఖర్చవుతోందని మొదట్లో నాకు కష్టంగా ఉండేది. కానీ కొత్తగా చేరినవారికి నేను నెలల తరబడి పత్రాల రూపంలో ఇచ్చిన సమాచారం కన్నా, అనుభవమున్న ఒకరి పక్కన రెండు వారాలు కూర్చోవడం ఎక్కువ నేర్పిందని కళ్లారా చూశాక నా అభిప్రాయం మార్చుకున్నాను. ఇక్కడ చోట్లు మారడమే ప్రాణం. కీబోర్డు ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉంటే, రెండోవారు కొద్దిసేపట్లోనే చూసే మనిషిగా మిగిలిపోతారు. మీ తరగతిలో చార్టు మీది పెన్సిలు విషయంలోనూ ఇంతే.

మార్కుల దగ్గర మాత్రం నాకు ఒక భయం ఉంది. ఎవరి వంతు ఎంతో కొలవడం మొదలుపెట్టగానే, కొలతకు అందే పని మాత్రమే పనిగా మిగులుతుంది. నేను పనిచేసిన ఒకచోట పూర్తిచేసిన పనుల సంఖ్యను బట్టి ప్రతిఫలం నిర్ణయించేవారు. మూడు నెలలు తిరగకుండానే పక్కవారికి సహాయం చేయడం ఆగిపోయింది, ఎందుకంటే అలా పూర్తయిన పని సహాయం అందుకున్నవారి పేరునే లెక్కకు వచ్చేది. అక్కడ ఇతరుల చిక్కులు విప్పడంలోనే సగం రోజు గడిపే ఒక సహోద్యోగిని ఉండేది. పట్టికలో ఆమె పేరు అన్నిటికన్నా కింద ఉండేది. ఆమె వెళ్లిపోయాక జట్టు మొత్తం కుంటుపడింది. పై సమాధానంలోని మెరుగుదల పద్ధతి నాకు నచ్చడానికి కారణం ఇదే, అందులో సహాయం చేసినవారికి కూడా ఫలితం చేరుతుంది.

మరొక సంగతి. ఎవరి వాటా ఎంతని మనుషులను నేరుగా అడిగితే కచ్చితమైన జవాబు రాదు. 1979లో మైఖేల్ రాస్, ఫియోరే సికోలీ అనే పరిశోధకులు ఇంటిపనుల్లో ఎవరి వాటా ఎంతని భార్యాభర్తలను విడివిడిగా అడిగి చూస్తే, ఇద్దరూ చెప్పుకున్న వాటాలు కలిపితే నూటికి మించాయి. ఇందులో అబద్ధం ఉండనవసరం లేదు. మన శ్రమ మనకు గుర్తున్నంతగా ఎదుటివారి శ్రమ గుర్తుండదు.

సమాధానం (ఒకప్పుడు ఏమీ చేయని విద్యార్థిగా పేరుపడినవారు)

నేను ఆ బార్డర్ గీసిన అబ్బాయి వైపు నుంచి మాట్లాడతాను. చదువుకునే రోజుల్లో దాదాపు ప్రతి గ్రూప్ ప్రాజెక్టులోనూ నా స్థానం అదే. ఉపాధ్యాయులు నన్ను తప్పించుకు తిరిగేవాడని అనేవారు. వాస్తవం ఏమిటంటే మొదటి రోజు నేనూ ఉత్సాహంగానే కూర్చునేవాడిని. ఒకసారి ఒక భాగం రాసి తీసుకువెళితే, జట్టులో బాగా చదివే అబ్బాయి దాన్ని చదివి, ఏమీ అనకుండా పక్కన పెట్టి మళ్లీ తానే రాశాడు. అతన్నీ నిందించను. నా తప్పు వల్ల తన మార్కు తగ్గుతుందని అతనికి భయం. ఉమ్మడి మార్కు మమ్మల్ని కలుపుతుందని ఉపాధ్యాయులు అనుకున్నారు, కానీ అది నన్ను అతని కళ్లలో ఒక ప్రమాదంగా మార్చింది. రెండు మూడు సార్లు ఇలా జరిగాక నేను అడగడం మానేశాను. బయటి నుంచి చూసేవారికి అది బద్ధకంలాగే కనిపిస్తుంది.

కాబట్టి పనిచేయని పిల్లలు కనిపించినప్పుడు, వారు తప్పుకున్నారా లేక తప్పించబడ్డారా అన్నది దయచేసి విచారించండి. రెండింటికీ మందు వేరు.

ఇంకొక మాట. కొందరికి ఆలోచించడానికి కొంత నిశ్శబ్దం కావాలి. నలుగురు కూర్చున్న మరుక్షణం గలగలా మాట్లాడగలవారి ఆలోచన మొదట వినబడుతుంది, అది మెరుగైనది కాకపోయినా మిగతావారి ఆలోచనలు దాని చుట్టూనే తిరుగుతాయి. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో నలుగురు కలిసి కూర్చుని ఆలోచనలు చెప్పే బృందాలను, విడివిడిగా ఆలోచించిన నలుగురి జాబితాలను కలిపిన ఫలితంతో పోల్చి చూశారు. విడిగా ఆలోచించినవారి నుంచి దాదాపు రెట్టింపు ఆలోచనలు వచ్చాయి. ఒకరు మాట్లాడుతుండగా మిగతావారు తమ వంతు కోసం ఆగవలసి రావడం, ఆ ఎదురుచూపులో తమ ఆలోచన జారిపోవడం దీనికి ముఖ్య కారణమని 1987లో డీల్, స్ట్రోబె అనే జర్మనీ పరిశోధకులు చూపారు.

నాకు కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పిన ఒక అధ్యాపకురాలు దీనికి చాలా సులువైన మార్గం పాటించేవారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి అదని తరువాత తెలిసింది. ఒక భావనను పరీక్షించే ప్రశ్న బోర్డు మీద రాస్తారు. మొదట ఎవరికి వారు మౌనంగా ఆలోచించి జవాబు ఎంచుకోవాలి. తరువాత పక్కనున్నవారిని ఒప్పించే ప్రయత్నం చేయాలి. ఆపైన మళ్లీ ఎంచుకోవాలి. నాకు ఒక సొంత జవాబు ఉన్న తరువాత మాట్లాడటానికి నోరు లేచేది. అది తప్పయినా సరే, ఎందుకు తప్పో నా ఈడువారు నా భాషలోనే చెప్పేవారు. జన్యుశాస్త్రం తరగతుల్లో జరిపి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, చర్చించుకున్న బృందంలో ఎవరికీ మొదట సరైన జవాబు తెలియకపోయినా, చర్చ తరువాత అదే భావన మీద వేసిన మరో ప్రశ్నకు చాలామంది సరిగ్గా జవాబు చెప్పగలిగారని తేలింది. తెలిసినవారు తెలియనివారికి చెప్పడం ఒక్కటే కలిసి నేర్చుకోవడం కాదని నాకు అప్పుడు నమ్మకం కలిగింది.

సమాధానం (ఆపరేషన్ థియేటర్ నర్సు)

బడి గురించి చెప్పేంత అనుభవం నాకు లేదు కానీ, జట్టులో నోరు విప్పడం గురించి ఒక మాట చెప్పగలను. శస్త్రచికిత్సలో సర్జన్, మత్తుమందు వైద్యులు, నర్సులు, సాంకేతిక సిబ్బంది అందరూ తమ తమ పనిలో నిపుణులే. అయినా ఒకరికి తెలిసింది మరొకరికి సమయానికి చేరకపోతే రోగికి ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో పందొమ్మిది అంశాల తనిఖీ జాబితా ఒకటి విడుదల చేసింది. దాన్ని ఎనిమిది దేశాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో అమలుచేసి చూసినప్పుడు, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, తీవ్రమైన సమస్యలు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. ఆ జాబితాలో రోగి పేరు, కోత పెట్టవలసిన చోటు వంటివాటితోపాటు, గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని పైకి చెప్పాలన్న అంశం కూడా ఉంది. మొదట్లో ఇది మాకు వింతగా, అనవసరంగా తోచింది. అయితే ఒకసారి గొంతు విప్పిన మనిషి, తరువాత ఏదైనా తేడా కనిపిస్తే మళ్లీ విప్పడానికి అంతగా వెనుకాడరు. నా విషయంలో ఇది నూటికి నూరుపాళ్లు నిజం. ఒకసారి శస్త్రచికిత్సలో వాడిన గాజుగుడ్డల లెక్కలో ఒకటి తక్కువైందని నేను చెప్పగలిగింది, ఆ ఉదయం అందరితోపాటు నేనూ నా పేరు చెప్పి ఉండటం వల్లనేనని నమ్ముతాను.

విమానాల సంగతి కూడా ఇంతే. 1977 మార్చి 27న టెనరిఫ్ దీవిలో రెండు విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది మరణించారు. ఎదుటి విమానం రన్‌వే నుంచి ఇంకా తప్పుకోలేదా అని ఫ్లైట్ ఇంజినీరు అడిగిన ప్రశ్నను కెప్టెన్ కొట్టిపారేయడం, అతను మరోసారి గట్టిగా అడగకపోవడం కాక్‌పిట్ రికార్డింగులో ఉన్నాయి. ఆ తరువాతి సంవత్సరాల్లో విమాన సిబ్బందికి, చిన్న స్థాయిలో ఉన్నా అనుమానం పైకి చెప్పడంలో, పెద్ద స్థాయిలో ఉన్నవారికి దాన్ని వినడంలో విడిగా శిక్షణ ఇవ్వడం మొదలైంది.

ఏమీ ఎరగని పిల్లవాడు అడిగే ప్రశ్నను తెలివైన అమ్మాయి ఎలా వింటుందో మీరు తరగతిలో గమనించండి మేడమ్. ఆమె విసుక్కుంటే అతను ఇంకోసారి అడగడు. అడగడం ఆపేసిన మనిషి జట్టులో ఉన్నా లేనట్లే.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. తప్పుకున్నాడా, తప్పించబడ్డాడా అన్న ప్రశ్న నన్ను బాగా కుదిపింది. ఈరోజు విరామంలో ఆ అబ్బాయితో కూర్చున్నాను. గుండె బొమ్మ గీస్తానని తాను మొదటి రోజే అడిగాడట. బొమ్మ పాడవుతుందని జట్టులోని వారు ఒప్పుకోలేదట. నా మార్కు కోసం పిల్లలు ఒకరినొకరు పక్కన పెట్టారన్నమాట. ఇది నాకు నిజంగా బాధ కలిగించింది.

వచ్చే వారం జీర్ణవ్యవస్థ పాఠాన్ని నలుగురి జట్లతో, జిగ్‌సా పద్ధతిలో చేయబోతున్నాను. ఇంటికి ఏమీ ఇవ్వను, అంతా తరగతిలోనే జరుగుతుంది. మొదటి ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా తమ భాగం చదువుకుని, తమకు అర్థంకాని ఒక ప్రశ్న రాసుకోవాలని చెబుతాను. ఒక్క విషయంలో ఇంకా సందేహం ఉంది. జట్టులో ఎవరు ఎంత సహకరించారో పిల్లల చేతే రాయించి మార్కుల్లో కలపమని తోటి ఉపాధ్యాయులు సలహా ఇచ్చారు. కానీ పిల్లలు స్నేహితులకు ఎక్కువ, గిట్టనివారికి తక్కువ వేస్తారని భయంగా ఉంది. దీన్ని ఎలా చేయడం మంచిది?

సమాధానం (ఉపాధ్యాయ శిక్షణలో పనిచేస్తున్నవారు)

ఈ వయసు పిల్లల చేత తోటివారికి మార్కులు వేయించవద్దని నా సలహా. పెద్ద తరగతుల్లో, కళాశాలల్లో దీనికి తగిన పద్ధతులున్నాయి. అక్కడ కూడా ఏ ప్రవర్తనకు ఎంత అన్నది ముందే రాతపూర్వకంగా చెప్పి, ఒకరు రాసింది మరొకరికి తెలియకుండా ఉంచితేనే అవి పనిచేస్తాయి. ఎనిమిదో తరగతిలో అది స్నేహాల లెక్కగా మారుతుంది.

దానికి బదులు పాఠం చివర ప్రతి ఒక్కరి చేత రెండు వాక్యాలు రాయించండి. ఈరోజు ఎవరు చెప్పడం వల్ల నీకు ఏ విషయం అర్థమైంది? నువ్వు ఎవరికి ఏం చెప్పావు? ఇక్కడ అంకె లేదు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. విషయం పేరు రాయాలి కాబట్టి ఉత్తినే పొగడటం కుదరదు. పైన సాఫ్ట్‌వేర్ మిత్రులు చెప్పిన సహోద్యోగిని లాంటివారు ఈ కాగితాల్లో కనిపిస్తారు. నేను చూసిన తరగతుల్లో, మార్కుల జాబితాలో మధ్యలో ఉండే పిల్లల పేర్లు ఈ కాగితాల్లో తరచుగా వచ్చాయి, ఎందుకంటే తమకు ఇటీవలే అర్థమైన విషయంలో చిక్కు ఎక్కడుందో వారికి ఇంకా గుర్తుంటుంది. ఎవరి కాగితంలోనూ తమ పేరు రాని పిల్లలను, ఎప్పుడూ ఎవరికీ ఏమీ చెప్పలేదని రాసిన పిల్లలను తరువాతి వారం మీరు దగ్గరగా గమనించాలి.

మార్కుల్లో అధిక భాగం ఒంటరిగా రాసే పరీక్షకు ఉంచి, మిగతాది జట్టు మెరుగుదలకు ఇవ్వండి. జట్లను ఐదారు వారాలు మార్చకండి, ఎందుకంటే ఒకరి తీరు మరొకరికి అలవాటు కావడానికే రెండు వారాలు పడుతుంది. మొదటి రోజు గందరగోళంగా, చాలా శబ్దంగా ఉంటుంది, నాలుగు ముక్కల్లో ఒకటి అసంపూర్తిగానూ మిగలవచ్చు. అది చూసి మళ్లీ బోర్డు దగ్గరకు వెళ్లి పాఠమంతా మీరే చెప్పేయాలనిపిస్తుంది. అప్పుడు ఆ ముక్క వచ్చిన పిల్లలను మరోసారి ఒకచోట కూర్చోబెట్టి, వారి ప్రశ్నలకు మాత్రం జవాబు చెప్పి, తిరిగి వారి జట్టులోకి పంపండి. ఒంటరిగా చేస్తానన్న ఆ అమ్మాయితో ముందుగానే మాట్లాడి, ఆమె అడిగినదానిలో న్యాయం ఉందని, అందుకే పద్ధతి మారుస్తున్నారని చెప్పండి. ఆమె మార్కు ఇకపై ఇంకొకరి పొరపాటు వల్ల తగ్గదని ఆమెకు ముందే తెలియాలి.